ఇంట నిలిచిన పిల్లలు: గోదావరి మండలములలో మనోబల విచారము

పొట్టకూటికై తల్లియో తండ్రియో ఇరువురునో దూరదేశమునకేగగా, అమ్మమ్మయొద్దనో మామ్మయొద్దనో పెరుగుచున్న పిల్లలు గోదావరి మండలములలోని పెక్కు గ్రామములయందు కలరు. కోనసీమలోను, నరసాపురము, పాలకొల్లు, భీమవరము ప్రాంతములలోను పనిచేసిన ఉపాధ్యాయులకు ఇది క్రొత్త విషయము కాదు. హాజరుపట్టీ తిరుగవేసినచో అట్టి పేర్లు వారికి వెంటనే తట్టును. ఈ పిల్లల మనఃస్థితి ఎట్టిది, వారియందు కానవచ్చు బలము ఎట్టిది, ఆ బలము ఎచ్చటనుండి వచ్చుచున్నది అను ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఇది మనస్తత్త్వశాస్త్రజ్ఞుల పని కదా, తెలుగు శాఖవారికేల యను సందేహము కలుగవచ్చును. పిల్లవాని మనస్సు మనకు గోచరించునది వాని మాటలయందు, మాటలాడవలసినచోట వాడు వహించు మౌనమునందు. ఆ మాట తెలుగు మాట. ఆ మౌనము తెలుగు ఇంటిలోని మౌనము. బంధువాచకములు, లోకోక్తులు, కథలు మొదలగు మన శాస్త్రసామగ్రి ఇచ్చట మిక్కిలి ఉపకరించునని మా విశ్వాసము.

1. పేరు

ముందుగా ఈ పిల్లలనేమని పిలువవలెను? ‘తల్లి లేని పిల్లలు’ అనుట వాడుకలో కలదు. అది సత్యము కాదు. తల్లి కలదు, దూరమున నున్నది. ‘అనాథలు’ అనరాదు, నాథులు కలరు. ఆంగ్లమున వీరిని ‘వెనుక విడువబడినవారు’ అను అర్థమిచ్చు మాటతో వ్యవహరింతురు. ఆ మాటలో విడిచినవారి దోషము విచారణకు పూర్వమే నిర్ణయింపబడినట్లున్నది. చీనా భాషలో వీరికి ‘లియుషౌ ఎర్తొంగ్’ అని పేరు. ‘లియు’ అనగా నిలుచుట. ‘షౌ’ అనగా కాపాడుట. ఇల్లు కనిపెట్టుకొని నిలిచిన పిల్లలని భావము. ఈ పేరులో పిల్లవాడు కర్తయై కనిపించుచున్నాడు. కావున మేమును ఈ వ్యాసమున ‘ఇంట నిలిచిన పిల్లలు’ అను మాటనే వాడుచున్నాము.

2. వలసల పూర్వాపరములు

ధవళేశ్వరము ఆనకట్ట నిర్మాణము 1847లో మొదలై 1852లో ముగిసినది. అటుపిమ్మట ఈ సీమ పచ్చనైనదని అందరు నెఱుగుదురు. ఇంత పచ్చని సీమనుండి జనులు వలసపోవనేల? కాలువనీరు పొలమునకు వచ్చినది గాని పొలము కూలివానికి రాలేదు. నాట్లకును కోతలకును నడుమ పనిలేని దినములు పెక్కులు. అదియునుగాక 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానువంటి ఉపద్రవములు కొబ్బరితోటలను కూల్చినప్పుడు, తోట కలవానితోపాటు దింపువాడును, పీచు కొట్టు స్త్రీయు జీవనము కోల్పోయిరి.

సముద్రము దాటి పనికేగుట ఇచ్చటివారికి నిన్న మొన్న పుట్టినది కాదు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి బర్మాకు రాకపోకలుండెను. 1839 తుపానులో ఆ రేవు నశించిన తరువాతను బర్మాలో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అను పేరు నిలిచిపోయినది. రంగూను రేవులో బరువులు మోయుట, ధాన్యపుమిల్లులలో పనిచేయుట వారి వృత్తులు. 1930 మే నెలలో అచ్చటి రేవుకూలీల తగవు పెద్ద అల్లరిగా మాఱినది. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేయగా, వేలకొలది జనులు అడవులు, కొండలు దాటి నడచి వచ్చిరి.

ఆ వలసలో పురుషులే మిక్కిలి హెచ్చు. ఇంట తల్లి మిగిలెడిది. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట గల్ఫు దేశములలో పనులు విస్తరించినవి. ఉత్తర తెలంగాణమునుండి ముఖ్యముగా పురుషులు వెళ్ళిరి. గోదావరి మండలములనుండియు, కడప సీమనుండియు స్త్రీలును పెద్దసంఖ్యలో కువైటు, మస్కటు, బహ్రెయిను మొదలగు చోట్లకు ఇంటిపనికై వెళ్ళిరి. ఇట్టి పనికేగు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెనని భారత ప్రభుత్వము నియమము విధించినది. అది స్త్రీల రక్షణకై చేసిన నియమమే. అయినను మన గ్రామములలో ముప్పదేండ్ల స్త్రీకి సాధారణముగా బడియీడు పిల్లలుందురు. అనగా నియమము ననుసరించి వెళ్ళువారిలో హెచ్చుమంది బడిపిల్లల తల్లులే. నియమమును తప్పించుకొని సందర్శకుల వీసాపై వెళ్ళువారికి పని ఒడంబడిక రక్షణ యుండదు. వారు తిరిగివచ్చు దినమును ఎవరును నిశ్చయించి చెప్పజాలరు. ఈ అనిశ్చయమే పిల్లవానిపై మిక్కిలి భారముగా పడును.

ఇచ్చట ఒక న్యాయము గమనింపవలెను. తండ్రులు రంగూను వెళ్ళిన దినములలో పిల్లలు చెడిపోవుదురని లోకమంతగా వగవలేదు. తల్లి వెళ్ళినప్పుడే ఆ మాట పుట్టినది. పిల్లల మేలు గోరి చేయు విచారణ తల్లిపై అభియోగముగా మాఱరాదు. ఆమె వెళ్ళినది తిరిగి ఇల్లు నిలుపుటకే.

3. రెండు గడియారములు

కువైటు గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు వెనుక నడచును. మన పిల్లవాడు సాయంకాలము 4 గంటలకు బడినుండి వచ్చునప్పటికి అచ్చట మధ్యాహ్నము ఒకటిన్నర. యజమాని ఇంట భోజనముల వేళ. రాత్రి 10 గంటలకు తల్లి పని ముగించుకొనునప్పటికి ఇచ్చట పండ్రెండున్నర. అమ్మకు తీరిక దొరకిన వేళ పిల్లవాడు నిద్రించుచుండును. పిల్లవాడు మేలుకొనియున్న వేళ అమ్మ పరుల బిడ్డలకు అన్నము పెట్టుచుండును. కువైటులో 2015 నాటి 68వ సంఖ్య చట్టము ఇంటిపనివారికి దినమునకు 12 గంటలకు మించి పని యుండరాదనియు, వారమునకొక దినము విరామ మీయవలెననియు శాసించినది. ఆ విరామము శుక్రవారమైనచో ఆనాడు ఇచ్చట బడి.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 10వ అధికరణము, తల్లిదండ్రులు వేఱు దేశములలో నున్న బిడ్డకు వారితో క్రమముగా నేరుసంబంధము కలిగియుండు హక్కును గుర్తించినది. 1992లో భారతదేశమందు చేరినది. హక్కు గుర్తింపబడినను, గడియారములు రెండును కలియునట్లు ఏర్పాటు చేయువారు లేనిదే అది పిల్లవానికి అందదు.

రంగూను దినములలో ఉత్తరము వచ్చెడిది. నెలల తరువాత వచ్చినను దానిని మరల మరల చదివించుకొనుటకు వీలుండెడిది. నేటి ఫోనులో ముఖము కనబడును, స్వరము వినబడును; మాట ముగియగనే రెండును మాయమగును. ఇరుగుపొరుగువారును బంధువులును చుట్టు నుండగా పిల్లవాడు చెప్పదలచినది చెప్పలేడు. ‘బాగున్నావా’ యన్న ప్రశ్నకు ‘బాగున్నాను’ అని బదులిచ్చి ఫోను అమ్మమ్మ చేతికిచ్చును. ఈ ‘బాగున్నాను’ అను మాటకు అర్థమేమి? మా విచారణకు ఇది ముఖ్య ప్రశ్న.

4. పరదేశ పరిశోధనలు

రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనులో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హాం అను విదుషీమణులు హాంప్‌స్టెడ్ శిశుగృహములను నడపిరి. బాంబుల భయముకంటె తల్లివియోగమే పసివాండ్రను హెచ్చుగా కలచినదని వారు కనుగొనిరి. పిమ్మట వారు పిల్లలను చిన్నచిన్న కుటుంబములవలె విభజించి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క స్త్రీని తల్లిస్థానమున నియమించిరి. అందఱును అందఱను చూచుటకంటె, ఒకరు కొందఱిని స్థిరముగా చూచుట మేలని దీనివలన తేలినది.

హవాయి దీవులలో కవాయి అను దీవియందు 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో పెక్కేండ్లు పరిశీలించెను. పేదఱికము, కుటుంబకలహము మొదలగు అనేక కష్టముల నడుమ పుట్టినవారు అందు మూడవవంతు. వారిలోను మూడవవంతుమంది సమర్థులై, ఆత్మవిశ్వాసము కలవారై పెరిగిరి. వారికి సమానముగా నుండిన భాగ్యములలో ముఖ్యమైనది, తమను ఉన్నవారినున్నట్లు అంగీకరించిన పెద్ద యొకరుండుట. ఆ పెద్ద పెక్కుచోట్ల అమ్మమ్మయో తాతయో ఉపాధ్యాయుడో అయియుండెను.

2018లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటింపబడిన ఒక సమీక్ష 111 అధ్యయనములను కూర్చి చూచినది. వానిలో 91 చీనాదేశమునకు సంబంధించినవి. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లలలో దిగులురోగము వచ్చు అవకాశము ఇతరులకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లున్నదనియు, ఆందోళనయు ఆత్మహత్య తలంపులును హెచ్చుగా నున్నవనియు అందు తేలినది. ఇంటికి సొమ్ము వచ్చినను శరీరపోషణలోను వారికి విశేషలాభము కానరాలేదు. ఈ లెక్కలను తేలికగా త్రోసివేయరాదు.

అయితే 2011లో ఎల్‌స్పెత్ గ్రాహం, లూసీ జోర్డన్ ప్రకటించిన ఆగ్నేయాసియా పరిశోధన మఱొక విషయమును చెప్పుచున్నది. ఇండోనేషియా, థాయిలాండు దేశములలో తండ్రి వలసపోయిన పిల్లల మనస్స్వాస్థ్యము తగ్గియుండెను. ఫిలిప్పీన్సు, వియత్నాము దేశములలో ఆ భేదము కానరాలేదు. వియోగము ఒక్కటే ఫలితమును నిర్ణయించుట లేదు. వియోగము చుట్టు నున్న ఇల్లు, ఊరు, ఆచారము ఆ ఫలితమును మార్చుచున్నవి. కావున పరదేశపు లెక్కను తెచ్చి మన పిల్లలపై అట్లే అంటింపరాదు. మన ఇంటిని మనమే చూడవలెను.

5. ఓర్పు వేఱు, బలము వేఱు

ఇంట నిలిచిన పిల్లలను గూర్చి పెద్దలు సాధారణముగా చెప్పు మెప్పుమాట ‘వాడు చాల బుద్ధిమంతుడు, ఏమియు అడుగడు’ అనునది. చెల్లెలికి జడవేసి, నీరు తెచ్చి, అమ్మమ్మకు మందు అందించి బడికి వచ్చు బాలికను చూచినప్పుడు మనకును గౌరవము కలుగును. ఆమెయందు నేర్పు కలదు, బాధ్యత కలదు. వీనిని మేము తక్కువ చేయము. కాని ‘ఏమియు అడుగదు’ అనుటను బలముగా లెక్కించుట సరికాదని మా అభిప్రాయము.

‘అడగనిదే అమ్మయినా పెట్టదు’ అని మన లోకోక్తి. దీనిని సాధారణముగా సంకోచపరుని హెచ్చరించుటకు వాడుదురు. ఇందు మఱొక తత్త్వమున్నది. అడుగుట బిడ్డ లక్షణము. అడిగినచో పెట్టువారున్నారను నమ్మకమే అడుగుటకు మూలము. ఆ నమ్మకము సడలినచోట అడుగుట మానును. అడుగుట మానిన పిల్లవాడు ఓర్చుకొనుచున్నాడు. అంతమాత్రమున బలవంతుడు కాడు. ఓర్పు ఒంటరిగా నుండవచ్చును. బలమునకు మాత్రము రెండవ మనిషి కావలెను.

‘మీ అమ్మ నీకొఱకే అంత కష్టపడుచున్నది’ అని ఇంటివారు తఱచుగా అందురు. ప్రేమతో అనిన మాటయే. పిల్లవానికి మాత్రమది తీర్పరాని ఋణముగా తోచును. చెప్పు తెగినదని చెప్పుటకు, కడుపునొప్పి యని చెప్పుటకు, చివఱకు ‘అమ్మా, నీవు రావలెను’ అనుటకు గూడ వాడు వెనుదీయును. ఆ కష్టమునకు తానే కారణమని వాని లెక్క. పైన చెప్పిన ‘బాగున్నాను’ అను మాట పెక్కుసారులు ఈ ఋణభావమునుండి పుట్టును. అమ్మ బాధపడకుండుటకై పిల్లవాడు చెప్పు మాట యది. దానిలో కరుణ యున్నది. ఆ కరుణ పదేండ్ల పసివాడు మోయవలసిన బరువు కాదు.

మన బంధువాచకములలో ఒక సౌలభ్యము కలదు. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ అను మాటలన్నిటియందును ‘అమ్మ’ యున్నది. తల్లి ఒక్కతె దూరమైనను భాష పిల్లవానికి నలుగురు తల్లులను చూపుచున్నది. ఇది మన సంఘమునకు గల నిజమైన ఆస్తి. కాని పేరు ఒక్కటే పెంపకము కాదు. నెల అమ్మమ్మయింటను, నెల మామ్మయింటను, సెలవులలో పిన్నియింటను తిరుగు పిల్లవానికి అమ్మలందరును ఉందురు. వాని పుస్తకములసంచి ఉండు చోటు మాత్రము ఉండదు. హాంప్‌స్టెడ్ అనుభవము ఇచ్చట జ్ఞాపకముంచుకొనదగినది.

6. శకుంతల నిదర్శనము

రాజరాజనరేంద్రుని ప్రేరణముచే పదునొకండవ శతాబ్దమున నన్నయ రాజమహేంద్రవరమున భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. అందలి ఆదిపర్వమునందు శకుంతలోపాఖ్యానమున్నది. శకుంతల తల్లిచేతను తండ్రిచేతను విడువబడిన శిశువు. పక్షులు కాచినవి, కణ్వుడు పెంచెను. భారతకథలోని శకుంతల కాళిదాసు నాటకములోని శకుంతలవలె ఉంగరముపై ఆధారపడినది కాదు. కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, నిండుసభలో రాజు ఎఱుగననినప్పుడు ధర్మము చెప్పి తన హక్కునడిగినది.

ఈ ధైర్యము ఆమెకెట్లు వచ్చినది? కథలోనే సమాధానమున్నది. పెంచినవాడు ఒక్కడు, స్థిరుడు. తన పుట్టుక ఎట్టిదో ఆమె ఎఱుగును. కణ్వుడు ఒక మునికి చెప్పగా విన్నదానిని ఆమె తానే దుష్యంతునకు సంకోచము లేక చెప్పినది. విడువబడితినను సంగతి ఆమెకు రహస్యముగాను, అవమానముగాను మిగులలేదు. అట్లు పెరిగినది గావుననే రాజసభలో అడుగగలిగినది. తల్లిదండ్రులకు దూరమైన బిడ్డ బలము అడుగగలుగుటయందే యున్నదను మా వాదమునకు ఇంతకంటె నిదర్శనము వెదకనక్కఱలేదు. మన పిల్లలు శకుంతలవలె విడువబడినవారు కారు. వారి తల్లులు తిరిగివచ్చువారు. అయినను పెంపకమునకు కావలసిన ఆధారములు ఒక్కటియే.

7. బలమునకు ఆధారములు

పైవిచారణనుబట్టి ముఖ్యమైన ఆధారములు నాలుగు.

మొదటిది, స్థిరమైన పెద్ద. ఎవరియొద్ద నుండవలెనో ప్రయాణమునకు పూర్వమే నిర్ణయించి, ఆ సంగతి పిల్లవానికి చెప్పవలెను. అమ్మమ్మ వృద్ధురాలైనచో ఆమెకు తోడెవరో గూడ నిర్ణయింపవలెను. పెంచు చేతులు అలసినచో పెంపకము నిలువదు.

రెండవది, సత్యము. నిద్రించుచున్న పిల్లవానిని విడిచి తెల్లవారుజామున వెళ్ళుట, ‘సంతకు వెళ్ళినది, వచ్చును’ అని చెప్పుట కొన్ని ఇండ్లలో కలదు. ఏడుపు తప్పించుటకు చేయు ఈ పని తరువాత ఎవరు గడప దాటినను పిల్లవాడు భయపడునట్లు చేయును. ఎచ్చటికి, ఏ పనికి, ఎన్నాళ్ళకు వెళ్ళుచున్నదో వాని వయస్సునకు తగినట్లు చెప్పవలెను. తిరిగివచ్చు తేదీ మాఱినచో ఆ సంగతియు చెప్పవలెను. 1990లో కువైటుపై దండయాత్ర జరిగినప్పుడును, 2020లో మహమ్మారివలన విమానములు నిలిచినప్పుడును తేదీలు చెదరినవి. అట్టి సమయమున పెద్దల మౌనముకంటె చెడువార్తయే మేలు.

మూడవది, క్రమమైన మాట. తఱచుదనముకంటె క్రమము ముఖ్యము. ఆదివారము ఫలాని గంటకు ఫోను వచ్చునని తెలిసిన పిల్లవాడు మిగిలిన ఆఱు దినములును ఆ గంటను ఆనుకొని నిలువగలడు. గడియారములు కలియనిచోట మాటను ముద్రించి పంపుట మంచి ఉపాయము. రాత్రి తల్లి చెప్పి పంపిన మాటను ఉదయము పిల్లవాడు వినును, వలసినన్నిసారులు వినును. పాత ఉత్తరమునకుండిన గుణము దీనికి కలదు.

నాల్గవది, కొలతతో కూడిన పని. ఇంటికి తాను ఉపయోగపడుచున్నానను భావము పిల్లవానికి గౌరవమిచ్చును. ఆ పని బడిని, ఆటను మ్రింగివేసినచో గౌరవము బానిసత్వమగును. ముఖ్యముగా పెద్దకూతురు తల్లిస్థానమున వంటయింటికి బద్ధురాలగుట, బడి మానుట, త్వరపడి పెండ్లి చేయుట అను వరుసను మనము కనిపెట్టియుండవలెను.

8. ఉపాధ్యాయుల పని, పరిశోధకుల పని

అల్లరిచేయు పిల్లవానిని ఉపాధ్యాయుడు తప్పక గమనించును. మౌనముగా వెనుకవరుసలో కూర్చుండి, ఇచ్చినది వ్రాసి, అడుగకుండ వెళ్ళిపోవు పిల్లవాడు దృష్టికి రాడు. మా మనవి యేమనగా, ఇంట నిలిచిన పిల్లలలో ఈ రెండవవానినే ముందుగా గమనింపవలెను. ఆకలి తగ్గుట, నిద్రమత్తు, ఆట మానుట, మాటిమాటికి తలనొప్పి యనుట గుర్తులు. సందేహము కలిగినచో ఇంటి పెద్దతో మాటలాడి, వైద్యుని సలహా పొందవలెను. ఆపదలోనున్న బాలలకై 1098 సంఖ్య గల ఫోను సహాయమున్నదని ప్రతి బడిగోడపై వ్రాయించుట మంచిది.

తెలుగు బోధించువారి చేతిలో మఱొక సాధనమున్నది. లేఖారచన పాఠమున ప్రధానోపాధ్యాయునికి సెలవుచీటి వ్రాయించుట పరిపాటి. ఆ పాఠముననే దూరమున నున్న వారికి నిజమైన ఉత్తరము వ్రాయుమని తరగతి కంతకును చెప్పవచ్చును. తల్లి దగ్గఱనున్నవారు తాతకో మామకో వ్రాయుదురు. ఎవరిని వేఱుచేసి నిలబెట్టినట్లుండదు. ఆ ఉత్తరమును దిద్దవలదు, పైకి చదివింపవలదు. ‘మా అమ్మ’ అను వ్యాసమును మాత్రము ఆలోచించి ఈయవలెను. ‘మా ఇంట నన్ను చూచువారు’ అను శీర్షిక ఎల్లరకును సరిపోవును.

పరిశోధక విద్యార్థులకు ఇచ్చట విశాలమైన క్షేత్రమున్నది. దుఃఖమును చెప్పుమని పిల్లవానిని నిర్బంధించి సేకరించు సమాచారము శాస్త్రమునకు పనికిరాదు, పిల్లవానికి హాని చేయును. పెద్దల అనుమతియు పిల్లవాని సమ్మతియు ముందుగా పొందవలెను. సాయంకాలము ఏమి చేయుదువు, ఎవరితో భుజింతువు, ఎవరిని ఏమడుగుదువు అని విచారించినచో చాలును. చెడిన పిల్లలనేగాక చక్కగా పెరుగుచున్న పిల్లలను గూడ పరిశీలింపవలెను. అదే వీథిలో తల్లిదండ్రులతో నున్న పేదపిల్లలతో పోల్చవలెను. లేనిచో పేదఱికపు ఫలితమును వియోగముపై మోపుదుము. అమ్మమ్మలు చెప్పు కథలు, పిల్లలు ఫోనులో వాడు మాటలు, గల్ఫును గూర్చి గ్రామమున పుట్టిన నుడికారములు సేకరించుట మన శాఖకు తగిన పని. ఒక్కసారి చూచి వచ్చుటకంటె కొలదిమందినైనను ఏండ్ల తరబడి చూచుట మేలు.

తేలిన విషయమును సంగ్రహముగా చెప్పుదుము. ఇంట నిలిచిన పిల్లల మనోబలము పుట్టుకతో వచ్చినది కాదు, కష్టము దానంతట అది నేర్పినదియు కాదు. స్థిరమైన పెద్ద, సత్యము, క్రమమైన మాట, కొలతగల పని కూడినచోట అది పెరుగును. దానిని కొలుచుటకు మాకు తోచిన గుర్తు ఒక్కటే: పిల్లవాడు అడుగగలుగుచున్నాడా? పలకకఱ్ఱ కావలెనని, పాఠము తెలియలేదని, అమ్మతో మాటలాడవలెనని ఎవరినో ఒకరిని అడుగగలుగుచున్నచో వాడు కోలుకొనుచున్నాడని నమ్మవచ్చును. అడుగుటయే మానిన పిల్లవాడు మన తరగతిలో నున్నచో, ముందుగా అడుగవలసినది మనము.